ఒక పాయింటుకి ఎన్ని పైసలు?

మా నాన్న ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. రాత్రి పదకొండింటికి డ్యూటీ దిగాక కూడా క్యాష్ బ్యాగు మంచం మీద బోర్లించి, రూపాయి తేడా వస్తే అది దొరికేదాకా అన్నం ముట్టని మనిషి. రెండేళ్ల కిందట అలాంటి ఆయన ముందుకెళ్లి నేను గొప్పగా ఓ బ్లూటూత్ స్పీకర్ పెట్టాను. "నాన్నా, క్రెడిట్ కార్డులో 8,200 పాయింట్లు వచ్చాయి. దాంతో ఇది ఫ్రీగా తెప్పించా" అన్నాను.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. పాటలేవీ పెట్టమనలేదు. ఒక్కటే అడిగారు.

"ఒక పాయింటుకి ఎన్ని పైసలు పడిందిరా?"

నాకు తెలీదు. రోజంతా కోడ్ రాసి బతికే ఇంజినీర్ని, ఆ లెక్క ఎప్పుడూ వేసుకోలేదు. అక్కడే కూర్చుని షాపింగ్ యాప్‌లో అదే స్పీకర్ వెతికితే 1,299 రూపాయలుంది. 1,299ని 8,200తో భాగిస్తే పాయింటుకి దాదాపు 16 పైసలు. అవే పాయింట్లని కార్డు బిల్లులో సర్దుబాటు చేసుకుని ఉంటే 25 పైసల చొప్పున 2,050 రూపాయలు తగ్గేవి. విమానం టికెట్‌కి వాడి ఉంటే 50 పైసల లెక్కన 4,100 వచ్చేవి. అంటే నేను ఫ్రీగా తెచ్చాననుకున్న స్పీకర్ ఖరీదు నాలుగు వేల చిల్లర. నాన్న ఏమీ అనలేదు. "బావుంది, పెట్టుకో" అన్నారంతే. అది ఇంకా మండింది.

ఆ రోజు నుంచి ఈ పాయింట్ల సంగతేంటో చూద్దామని కూర్చున్నాను. ఏడాదిన్నర తర్వాత అవే పాయింట్లతో అమ్మానాన్నల్ని కాశీ తీసుకెళ్లాను. మధ్యలో నేర్చుకున్నదీ, చేతులు కాల్చుకున్నదీ ఇక్కడ రాస్తున్నా.

ముందు ఈ పాయింట్లు ఎక్కడి నుంచి వస్తాయో తెలియాలి. మనం షాపులో కార్డు గీకినప్పుడు ఆ దుకాణదారు దగ్గర కొంత కమీషన్ పోతుంది. అందులో ఎక్కువ వాటా కార్డు ఇచ్చిన బ్యాంకుకి వెళ్తుంది. అందులోంచి కొంత తీసి మనకి పాయింట్ల రూపంలో ఇస్తారు. ఇది ఒక భాగమే. బ్యాంకుకి అసలు ఆదాయం బిల్లు పూర్తిగా కట్టనివాళ్ల వడ్డీలోంచి వస్తుంది. అంటే మనం విమానంలో కూర్చుంటే ఆ టికెట్‌లో కొంత ఇంకెవరి వడ్డీయో ఉంటుందన్నమాట. ఆ 'ఇంకెవరో' మన పక్క గదిలోనే ఉండొచ్చు.

మా గదిలోనే ఉన్నాడు. కొండాపూర్‌లో నాతో ఫ్లాట్ పంచుకునే ఫ్రెండు. నేను పాయింట్ల గురించి ఎక్సెల్ షీటు వేస్తుంటే, "నాక్కూడా చూడరా, చాలా వచ్చుంటాయి" అని తన స్టేట్‌మెంట్ ఇచ్చాడు. తెరిస్తే బాకీ 1,10,000. ఏడు నెలల నుంచి 'మినిమమ్ డ్యూ' మాత్రమే కడుతున్నాడు. అది కడితే చాలు, మిగతాది మెల్లగా చూసుకోవచ్చనుకున్నాడు. వడ్డీ నెలకి 3.75 శాతం. అంటే 4,125 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 4,867. మరి వచ్చే పాయింట్లు? నెలకి పదిహేను వేలు వాడుతున్నాడు, దానికి 400 పాయింట్లు. బాగా వాడుకున్నా 200 రూపాయలు. నెలకి 4,867 ఇచ్చి 200 పుచ్చుకుంటున్నాడు.

ఇంకో దెబ్బ కూడా ఉంది. పాత బాకీ ఒక్క రూపాయి మిగిలినా కొత్తగా కొన్నవాటికి కూడా ఆ 45 రోజుల వడ్డీ లేని గడువు వర్తించదు. కొన్న రోజు నుంచే మీటరు తిరుగుతుంది. ఈ సంగతి వాడికి తెలీదు. నిజం చెప్పాలంటే, ఆ రోజు వాడి స్టేట్‌మెంట్ చదివేదాకా నాకూ సరిగ్గా తెలీదు. చివరికి 14 శాతానికి పర్సనల్ లోన్ తీసుకుని కార్డు బాకీ మొత్తం కట్టేశాడు. మొదటి నెల వడ్డీ 1,283కి దిగింది. కార్డు నా ముందే డ్రాయర్‌లో పడేశాడు. ఈ వ్యాసంలో ఇక ముందు చెప్పేదంతా ప్రతి నెలా బిల్లు మొత్తం, ఆటోపే పెట్టి మరీ కట్టేసేవాళ్లకే. మిగతావాళ్లకి పాయింట్ల లెక్క అనవసరం. ముందు ఆ బాకీ తీర్చే లెక్క చూసుకోవాలి.

ఒకే పాయింటు, నాలుగు ధరలు

రివార్డు పాయింట్లలో రెండు రకాలున్నాయి. ఒక రకం క్యాష్‌బ్యాక్ కార్డులు. వచ్చింది వచ్చినట్టు బిల్లులో తగ్గుతుంది, ఆలోచించే పనిలేదు. రెండో రకం ఫ్లెక్సిబుల్ పాయింట్లు. వాటిని వస్తువుగా, వోచర్‌గా, బిల్లు తగ్గింపుగా, విమానం టికెట్‌గా, లేదంటే ఏదైనా ఎయిర్‌లైన్ లేదా హోటల్ ప్రోగ్రాములోకి మార్చుకోవచ్చు. ఎన్ని దారులుంటే అంత మంచిదే. కాకపోతే ఒక్కో దారిలో పాయింటు ధర ఒక్కోలా ఉంటుంది. ఆ ధర మాత్రం యాప్ మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఎక్కడా కనిపించదు.

చాలామంది దగ్గర ఉండే హెచ్‌డీఎఫ్‌సీ రెగాలియా గోల్డ్‌నే చూద్దాం. నేను స్పీకర్ తెచ్చుకున్న పాత కార్డు పక్కన పెట్టి దీన్ని తీసుకున్నాను. ప్రతి 150 రూపాయల ఖర్చుకి 4 పాయింట్లు. ఒక పాయింటుని నగదుగా బిల్లులో తగ్గించుకుంటే 20 పైసలు. మామూలు క్యాటలాగ్‌లో వస్తువులూ వోచర్లూ తీసుకుంటే 35 పైసలు. బ్యాంకు వాళ్ల స్మార్ట్‌బై పోర్టల్‌లో విమానం, హోటల్ బుక్ చేస్తే 50 పైసలు. ఈ కార్డుకి ప్రత్యేకంగా ఉన్న గోల్డ్ క్యాటలాగ్‌లో అయితే 65 పైసలు. ఎయిర్‌మైళ్లుగా మారిస్తే రెండు పాయింట్లకి ఒక మైలు.

10,000 పాయింట్లున్న ఇద్దరిలో ఒకరికి 2,000 రూపాయలు దక్కితే ఇంకొకరికి 6,500 దక్కుతుంది. కార్డు అదే, ఖర్చు అంతే, తేడా అంతా వాడటంలోనే. అదే బ్యాంకు ఇన్ఫినియా కార్డుకైతే విమానాలూ హోటళ్ల మీద పాయింటు సరిగ్గా రూపాయి. అందుకే ఎవరైనా "నాకు లక్ష పాయింట్లున్నాయి" అంటే ఇప్పుడు నేనూ నాన్నలాగే అడుగుతున్నాను, ఏ కార్డు, ఎందులో వాడతావు అని.

మీరు మీ కార్డుకి ఈ లెక్క వేసుకోవాలంటే కష్టమేం కాదు. ఆ వస్తువుకో టికెట్‌కో బయట మీరు నిజంగా కట్టే ధర తీసుకోండి. పాయింట్లు వాడాక కూడా చేతి నుంచి పడే డబ్బు, ఫీజులు, పన్నులు అందులోంచి తీసేయండి. మిగిలినదాన్ని వాడిన పాయింట్లతో భాగించండి. అంతే. 'నిజంగా కట్టే ధర' అనే మాట దగ్గరే అందరూ మోసపోతారు. బిజినెస్ క్లాస్ సీటు లక్షన్నర, నేను పాయింట్లతో తీసుకున్నా కాబట్టి పాయింటుకి రెండు రూపాయలు పడింది అని మా ఆఫీసులో ఒకాయన చెప్పుకుంటూ తిరుగుతాడు. బాబూ, పాయింట్లు లేకపోతే నువ్వు ఆ లక్షన్నర పెట్టి ఎక్కేవాడివా? ఎకానమీలో 30 వేలకి వెళ్లేవాడివి. అప్పుడు నీకు మిగిలింది 30 వేలే. సుఖానికి విలువ లేదనడం లేదు, అది వేరే ఖాతాలో రాసుకోవాలంటున్నా.

మైళ్లుగా మార్చేముందు

ఫ్లెక్సిబుల్ పాయింట్ల అసలు రుచి ట్రాన్స్‌ఫర్‌లోనే ఉందని వీడియోల్లో అందరూ చెబుతారు. అబద్ధం కాదు. కొన్ని హోటల్ పాయింట్లకి ధర స్థిరంగా ఉంటుంది. అకోర్ హోటళ్ల ప్రోగ్రాములో 2,000 పాయింట్లంటే బిల్లులో 40 యూరోలు. మన వైజాగ్ బీచ్ రోడ్డులో ఉన్న నోవోటెల్, హైదరాబాద్ హెచ్‌ఐసీసీ దగ్గరున్న నోవోటెల్ ఇవన్నీ ఆ గొలుసులోవే. ఈ రకం వాళ్ల దగ్గర లెక్క తేలిక. ఎప్పుడు వాడినా అదే విలువ. మారియట్ లాంటి వాటిలో మాత్రం గది ధరని బట్టి పాయింట్లు రోజూ మారతాయి. అక్కడ వరుసగా ఐదు రాత్రులు పాయింట్లతో బుక్ చేస్తే నాలుగింటికే పాయింట్లు తీసుకుంటారు. నాలుగు రాత్రులు ఉందామనుకున్నవాళ్లు ఐదో రోజు కూడా ఉండిపోవచ్చు, సెలవు దొరికితే.

ఎయిర్‌లైన్ మైళ్లే కొంచెం తలనొప్పి. ప్రతి విమానంలోనూ మైళ్లతో ఇచ్చే సీట్లు కొన్నే ఉంటాయి. పండక్కి, వేసవి సెలవులకి అసలు కనపడవు. ఇంకా ముఖ్యమైనది, బ్యాంకు నుంచి ఒకసారి మైళ్లుగా మార్చాక వెనక్కి తెచ్చుకోలేం. మా టీమ్‌లో ఒకమ్మాయి రాత్రి పన్నెండింటికి ఓ విదేశీ ఎయిర్‌లైన్‌లో మంచి సీటు చూసి, ఉన్న పాయింట్లన్నీ అటు మార్చేసింది. మైళ్లు ఖాతాలోకి రావడానికి రెండు రోజులు పట్టింది. ఈలోగా సీటు ఎగిరిపోయింది. ఇప్పుడా మైళ్లు అక్కడే ఉన్నాయి. ఆ ఎయిర్‌లైన్ ఆమె వెళ్లాల్సిన ఊరికి వారానికి మూడుసార్లే వెళ్తుంది. సీటు ఉందని చూసుకుని, ట్రాన్స్‌ఫర్‌కి ఎంత టైమ్ పడుతుందో తెలుసుకుని, అవసరమైనన్ని మాత్రమే మార్చడం తప్ప దీనికి వేరే మందు లేదు. ముందుజాగ్రత్తగా మార్చి పెట్టుకుందాం అనేది ఈ ఆటలో పనికిరాదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఈ విషయంలో కాస్త అదృష్టం ఎక్కువ. డాలస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు చేజ్ కార్డు వాడతాడు. వాళ్ల అల్టిమేట్ రివార్డ్స్ పాయింట్లు యునైటెడ్‌లోకైనా, ఎయిర్ కెనడా ఏరోప్లాన్‌లోకైనా ఒకటికి ఒకటి చొప్పున వెళ్తాయి. బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఏవియోస్‌గా మారిస్తే వాటిని ఖతార్ ఎయిర్‌వేస్ ఖాతాలోకి కూడా జరుపుకోవచ్చు. డాలస్ నుంచి దోహా మీదుగా హైదరాబాద్ వచ్చేవాళ్లకి అదొక దారి. పెద్దమ్మావాళ్లు మనవరాలి బారసాలకి వెళ్లింది అలాగే. "ఒరేయ్ తమ్ముడూ, ఇక్కడ కొత్త కార్డు తీసుకుంటే వచ్చే బోనస్సే ఒక టికెట్" అంటాడు అన్నయ్య. మనకి ఇక్కడ అంత పెద్ద బోనస్సులు తక్కువ. అందుకే మనం వాడకంలోనే పిండుకోవాలి.

పెళ్లి ఖర్చు కార్డు మీదకెక్కిన వైనం

నెలకి నా ఖర్చు, పాయింట్లు వచ్చేది, సుమారు 35 వేలు. 18 నెలలకి 6,30,000. దానికి వచ్చేవి 16,800 పాయింట్లు, అంటే 8,400 రూపాయలు. ఇలా అయితే ముగ్గురికి కాశీ టికెట్లు ఎప్పటికి? పైగా ఈ పాయింట్ల గడువు రెండేళ్లే.

అప్పుడే చెల్లి పెళ్లి కుదిరింది.

కార్డు మీద పెళ్లి ఖర్చు అనగానే నాన్న అంతెత్తున లేచారు. "అప్పు కార్డు మీద ఆడపిల్ల పెళ్లా? ఊళ్లో వింటే ఏమంటారు?" ఆయన్ని ఒప్పించడానికి నాకు వారం పట్టింది. చివరికి ఒక షరతు పెట్టారు. నేను కార్డు గీకిన రోజే ఆ డబ్బు ఆయన ఖాతా నుంచి నా ఖాతాకి, నా ఖాతా నుంచి కార్డుకి వెళ్లిపోవాలి, మెసేజ్ ఆయనకి చూపించాలి. బిల్లు వచ్చేదాకా ఆగడం లేదు. నిజానికి అది నాకే మంచిదయింది. కార్డు లిమిట్ మూడున్నర లక్షలే, రోజుకారోజు కడుతుంటే లిమిట్ మళ్లీ ఖాళీ అయ్యేది.

కల్యాణ మండపం, క్యాటరింగ్, బట్టలు కలిపి 6 లక్షలు కార్డు మీద నడిచాయి. 16,000 పాయింట్లు. నగలు మాత్రం కాదు. నగల షాపాయన కార్డు అయితే రెండు శాతం అదనం అన్నాడు. మన కార్డులో 150కి 4 పాయింట్లు, పాయింటుకి 50 పైసలంటే వచ్చేది 1.33 శాతం. రెండు ఇచ్చి ఒకటింపావు తీసుకోవడమెందుకు? నాన్న అక్కడే బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేసేశారు. ఆ లెక్క ఆయనే ముందు వేశారు, నేను ఫోన్ తీసేలోపు. మీరు కూడా ఎక్కడైనా 'కార్డుకి ఎక్స్‌ట్రా' అంటే ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. ఆ అదనం మీ రివార్డు శాతం కంటే ఎక్కువైతే కార్డు జేబులోనే ఉంచండి.

టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ దగ్గర మాత్రం కలిసొచ్చింది. ఈ కార్డుకి రిలయన్స్ డిజిటల్, మింత్రా లాంటి కొన్ని చోట్ల ఐదు రెట్లు పాయింట్లు, అంటే 150కి 20. కానీ ఆ అదనానికి నెలవారీ పరిమితి ఉంటుంది. అందుకని టీవీ ఒక నెలలో, ఫ్రిజ్జూ వాషింగ్ మెషీనూ మరుసటి నెలలో కొన్నాం. నెలకి 37,500 చొప్పున, రెండు నెలలకి పదివేల పాయింట్లు. పెట్టుబడి చీరలు మూడో నెలలో మింత్రాలో 35 వేలకి, 4,667 పాయింట్లు. మా మేనత్త మాత్రం "చీరలు ఫోన్లో కొంటారా ఎవరైనా" అని ఇప్పటికీ అంటుంది. చీరలు బాగానే వచ్చాయి, రంగు ఒక్కటి తేడా పడింది.

మొత్తం కూడితే 47,467. ఏడాది ఖర్చు ఒక హద్దు దాటినందుకు వచ్చిన విమాన వోచర్ చెల్లీబావలకి ఇచ్చేశాం. వార్షిక ఫీజు 2,500, ఏడాదికి 4 లక్షలు వాడితే మాఫీ. అదీ పోయింది. మామూలు ఏడాదిలో నా ఖర్చు 4 లక్షల 20 వేలు, అంచు మీద ఉంటాను. ఆ 4 లక్షలు చేరడం కోసం అక్కర్లేనివి కొనడం మొదలుపెడితే ఇక అంతే సంగతులు. జీఎస్టీతో 2,950 కట్టేయడమే చౌక.

కొంతమంది ఇక్కడే దారి తప్పుతారు. ఫ్రెండ్స్ అందరి ఖర్చులూ తమ కార్డు మీద పెట్టి డబ్బు ఖాతాలో వేయించుకుంటారు. ఒక ఆర్థిక సంవత్సరంలో కార్డు బిల్లుల కింద 10 లక్షలు, నగదు రూపంలో అయితే లక్ష దాటి కడితే ఆ సమాచారం బ్యాంకు నుంచి ఆదాయపన్ను శాఖకి వెళ్తుంది. మా పెళ్లి ఏడాదిలో నాదీ 10 లక్షలు దాటింది. నాన్న ఖాతా నుంచి వచ్చిన ప్రతి ట్రాన్స్‌ఫరూ, ప్రతి రసీదూ ఓ ఫోల్డర్‌లో పెట్టాను. పది మంది స్నేహితుల భోజనాల లెక్క అయితే ఏం చూపిస్తారు?

ఇంకో సంగతి. ప్రతి గీకుడుకీ పాయింట్లు రావు. పెట్రోలు, వాలెట్‌లో డబ్బు వేయడం, ఇంటద్దె, చాలా కార్డుల్లో వీటికి సున్నా. కిరాణా, బీమా, కరెంటు బిల్లుల మీద పరిమితులు. అద్దె అయితే ఒకప్పుడు పాయింట్ల పిచ్చోళ్లకి పండగ. బ్యాంకులు ఒక శాతం ఫీజు పెట్టాయి, పాయింట్లు ఆపేశాయి. 2025 సెప్టెంబరులో పేమెంట్ అగ్రిగేటర్లకి ఆర్‌బీఐ కొత్త నిబంధనలు తెచ్చాక చాలా యాప్‌లు కార్డుతో అద్దె కట్టే సౌకర్యాన్నే తీసేశాయి. ఈఎంఐ కూడా చూసుకోండి. చాలా కార్డుల్లో ఈఎంఐగా మార్చిన కొనుగోలుకి పాయింట్లు రావు, వచ్చినవి కూడా వెనక్కి పోతాయి.

దాచుకుంటే కరిగిపోతాయి

నా పాత కార్డులో, స్పీకర్ పోగా, 3,900 పాయింట్లు మిగిలాయి. కొంచెం పెరిగాక వాడదాం అనుకున్నా. ఒకరోజు యాప్ తెరిస్తే సున్నా. గడువైపోయింది. మెయిల్ వచ్చిందట, ప్రమోషన్స్ ఫోల్డర్‌లో పడి ఉంది. కస్టమర్ కేర్ అమ్మాయి మర్యాదగానే చెప్పింది, ఏమీ చేయలేం సర్ అని. ఆ కార్డు మూసేయమని మెయిల్ పెట్టాను. బాకీ లేకపోతే అడిగిన ఏడు పనిదినాల్లో మూసేయాలని ఆర్‌బీఐ నిబంధన. ఆలస్యమైతే రోజుకి 500 రూపాయల చొప్పున బ్యాంకే మనకి కట్టాలి. ఐదో రోజున మూసేశారు. మీరు కార్డు మూసేటప్పుడు మిగిలిన పాయింట్లు ముందే వాడేయండి. మూశాక అడిగితే రావు.

పాయింట్లు బ్యాంకులో డిపాజిట్ లాంటివి కావు. వడ్డీ రాదు సరికదా, వాటి విలువని తగ్గించే హక్కు వాళ్ల చేతిలోనే ఉంది. యాక్సిస్ బ్యాంకు 2024 డిసెంబరు 20 నుంచి ఎడ్జ్ పాయింట్లని నగదుగా మారిస్తే 99, మైళ్లుగా మారిస్తే 199 రూపాయల ఫీజు పెట్టింది, పన్నులు అదనం. అంతకుముందు తరం వాళ్లనడిగితే జెట్ ఎయిర్‌వేస్ కథ చెబుతారు. 2019 ఏప్రిల్ 17న ఆ విమానాలు ఆగిపోయాయి. మైళ్లు ఖాతాలో ఉన్నాయి, ఎక్కడానికి ఆ విమానమే లేదు. విస్తారా వాళ్ల సంగతి మెరుగు. 2024 నవంబరు 12న ఎయిర్ ఇండియాలో కలిశాక పాయింట్లు అటు చేరాయి.

అందుకే నేను పాయింట్లకి ముందే ఒక పని అప్పజెప్పి పెట్టుకుంటున్నాను. ఈసారి ఆ పని కాశీ. అమ్మ ఎప్పటి నుంచో అడుగుతోంది. సికింద్రాబాద్ నుంచి దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో ఒక రోజుకి పైనే కూర్చోవాలి, అమ్మ మోకాళ్లు ఒప్పుకోవు. విమానమైతే రెండు గంటలు.

కార్తీక పౌర్ణమికి వెళ్దామంది అమ్మ. ఆ రోజు ఘాట్లలో దేవ్ దీపావళి, టికెట్ల ధరలు ఆకాశంలో ఉన్నాయి. పది రోజులు జరిపితే సగానికి దిగాయి. ముగ్గురికి రానూపోనూ స్మార్ట్‌బైలో 33,600. అవే విమానాలు ఎయిర్‌లైన్ సొంత యాప్‌లో 32,100. పోర్టల్‌లో ఎప్పుడూ ఈ తేడా చూసుకోవాలి. కొన్నిసార్లు పాయింట్ల లాభమంతా అక్కడే పోతుంది. ఇక్కడ 1,500 తేడా, సరేలే అనుకున్నా. ఇంకో మెలిక, బిల్లులో 70 శాతం దాకే పాయింట్లతో కట్టనిస్తారు. 33,600లో 70 శాతం 23,520. దానికి 47,040 పాయింట్లు. మిగతా 10,080 కార్డు మీద. నా దగ్గర 427 పాయింట్లు మిగిలాయి.

శంషాబాద్‌లో నాన్న బోర్డింగ్ పాస్‌ని మూడుసార్లు చదివారు. "దీని మీద రేటు వేయలేదేంట్రా?" అన్నారు. ఆయన కొట్టిన టికెట్లన్నిటి మీదా రేటు ఉండేది మరి. విమానం లేచేటప్పుడు అమ్మ కళ్లు మూసుకుని విశ్వనాథుణ్ని తలుచుకుంటుంటే, నాన్న కిటికీలోంచి ఔటర్ రింగు రోడ్డు మీద బస్సులేమైనా కనిపిస్తాయేమోనని చూస్తున్నారు.

మూడో రోజు సాయంత్రం దశాశ్వమేధ ఘాట్‌లో హారతి అయ్యాక మెట్ల మీద కూర్చున్నాం. నాన్న చొక్కా జేబులోంచి చిన్న డైరీ తీశారు. డ్యూటీలో ఉన్నప్పటి అలవాటు అది. నేను చెప్పిన అంకెలన్నీ అందులో రాసుకుని ఉన్నారు. బయట ధర 32,100, చేతి నుంచి పడింది 10,080, మిగిలింది 22,020. దాన్ని 47,040తో భాగించి, ఫోన్ దీపం వెలుతురులో రెండుసార్లు సరిచూసుకున్నారు.

"46.8 పైసలు" అన్నారు. "స్పీకర్ మీద మూడింతలు పడింది."

డైరీ మూసి జేబులో పెట్టుకుని, అమ్మని లేపడానికి చెయ్యిచ్చారు.